గర్భసంచి తీయించుకోకుండా గడ్డలకు వైద్యం ఉందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు, సిజేరియన్‌లో పుట్టాడు. ఏడాదిన్నరగా నెలసరి వస్తే ఎనిమిది రోజుల దాకా ఆగడం లేదు. మొదటి మూడు రోజులు నెత్తురు గడ్డకట్టి పడుతోంది, క్లాసు మధ్యలో వదిలేసి బాత్రూమ్‌కు పరిగెత్తాల్సి వస్తోంది. హీమోగ్లోబిన్ 7.6 ఉంది. గర్భసంచి గోడలో 6.2 సెం.మీ. ఫైబ్రాయిడ్ గడ్డ ఒకటి, లోపలి వైపు 2.3 సెం.మీ.ది ఇంకొకటి ఉన్నాయని స్కానింగ్‌లో తేలింది. గర్భసంచి తీసేస్తే మంచిదని డాక్టరుగారు అన్నారు. "పిల్లాడు ఉన్నాడుగా, ఇంక దాంతో పనేముంది? వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అంటున్నారు మా అత్తగారు. మాకేమో రెండో బిడ్డ ఆలోచన పూర్తిగా పోలేదు. కోత లేకుండా మెషీన్‌తో గడ్డను కరిగిస్తారని యూట్యూబ్‌లో చూశాను. అది నాకు కుదురుతుందా? ఏ పద్ధతి మంచిది? దసరా సెలవుల్లో చేయించుకుంటే స్కూలుకు సెలవు పెట్టక్కర్లేదా?
– ఒక సోదరి, తెనాలి

సమాధానం: మీ రిపోర్టు చూసిన అందరి కళ్లూ ఆ 6.2 సెం.మీ. గడ్డ మీదే పడినట్టున్నాయి. నా అనుమానం మాత్రం చిన్నదాని మీద.

ఫైబ్రాయిడ్ ఎంత పెద్దదన్న దానికన్నా ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. గర్భసంచికి లోపల ఒక పలచటి పొర ఉంటుంది, నెలనెలా ఊడి బయటికి వచ్చేది అదే. దాని చుట్టూ మందంగా కండ, ఆ పైన బయటి పొర. బయటి పొర వైపు పెరిగే గడ్డ ముంజకాయంత అయినా నెలసరిని పెద్దగా కదిలించకపోవచ్చు. పక్కనున్న మూత్రాశయాన్నో, పేగునో నొక్కుతుంది, అంతే. లోపలి ఖాళీలోకి పొడుచుకొచ్చిన గడ్డ ఉసిరికాయంత ఉన్నా చాలు, మనిషిని పాలిపోయేలా చేస్తుంది. గర్భం నిలవడానికి అడ్డు పడేదీ ఎక్కువగా ఈ రకమే. అందుకే ఫిగో అనే అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫైబ్రాయిడ్లకు 0 నుంచి 8 దాకా నంబర్లు ఇచ్చింది. పూర్తిగా ఖాళీలో వేలాడేది 0. సగానికన్నా ఎక్కువ భాగం ఖాళీలోకి ఉంటే 1, సగమో అంతకన్నా ఎక్కువో కండలోనే దాగి ఉంటే 2. ఆ పై నంబర్లు కండలోవి, బయటి వైపువి. మీ రిపోర్టులో సైజులున్నాయి గానీ ఈ నంబర్లు లేవు. వైద్యం తేలాల్సింది వాటి మీదే.

పద్ధతుల సంగతికి ముందు మీ హీమోగ్లోబిన్ గురించి. 7.6తో ఏ ఆపరేషనైనా, అత్యవసరమైతే తప్ప, చేయించుకోకూడదు. నెలనెలా ఇంత పోతుంటే మాత్రలతో భర్తీ కావడం కష్టం, చాలామందికి అవి కడుపులో పడవు కూడా. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ ఇంజెక్షన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. అరగంటలో అయిపోతుంది, మూడు నాలుగు వారాల్లో హీమోగ్లోబిన్ బాగానే లేస్తుంది. దీని గురించి మీ డాక్టరుగారిని ఈ వారమే అడగండి. రక్తం ఎక్కువ పోయే నాలుగైదు రోజులకు ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు రాయించుకోవచ్చు. ఇంతకుముందెప్పుడైనా కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టి ఉంటే అవి పనికిరావు, ఆ సంగతి ముందే చెప్పాలి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా మాత్రం ఐరన్ పనిచేసేదాకా ఆగొద్దు. రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లండి, రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

ఇక ఆ చిన్న గడ్డ. అది 0 లేదా 1 రకం అయితే మీకు సరిపోయే వైద్యం హిస్టరోస్కోపీ. దీనికి పొట్ట మీద ఒక్క గాటు కూడా పడదు. యోని మార్గంలో, గర్భసంచి ముఖద్వారాన్ని కాస్త వెడల్పు చేసి, కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని లోపలికి పంపుతారు. లోపలి ఖాళీ మామూలుగా ముడుచుకుని ఉంటుంది కాబట్టి నీరు పంపి దాన్ని విప్పుతారు. అప్పుడు టీవీ తెర మీద గులాబీ రంగు పొర మధ్య తెల్లగా, పైన ఎర్రటి నరాలు పాకుతూ, ఉబ్బెత్తుగా గడ్డ కనిపిస్తుంది. గొట్టం చివర వంకీలా ఉండే తీగలోకి కరెంటు పంపి, గడ్డను పలచటి పీలికలుగా చెక్కుతూ తీసేస్తారు. 2.3 సెం.మీ. గడ్డకు సాధారణంగా గంట కూడా పట్టదు. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రావచ్చు.

కోత లేదు కదా అని దీన్ని ఎవరు చేసినా ఒకటే అనుకోకండి. లోపలికి పంపే నీరు కొంత ఒంట్లోకి ఇంకుతుంది. అందుకే ఎంత లోపలికి పోయింది, ఎంత తిరిగి వచ్చింది అని థియేటర్‌లో ఒకరు లెక్క రాస్తూనే ఉండాలి. గ్లైసిన్ ద్రవం వాడితే తేడా ఒక లీటరు, సెలైన్ వాడితే రెండున్నర లీటర్లు దాటకూడదు. దాటితే గడ్డ ఇంకా మిగిలి ఉన్నా ఆపేయాలి. మిగిలింది రెండో విడతలో తీస్తారు. 2 రకం గడ్డలకు ఇలా రెండుసార్లు కావడం మామూలే. "రెండోసారి రావాల్సి ఉంటుందేమో" అని ముందే చెప్పే డాక్టరును నేనైతే ఎక్కువ నమ్ముతాను.

పెద్ద గడ్డ విషయంలో నా సలహా, ముందు దాన్ని కదిలించొద్దు. చిన్నది తీశాక మూడు నెలసర్లు చూడండి. రక్తం తగ్గి, హీమోగ్లోబిన్ నిలబడి, మూత్రానికి మాటిమాటికీ పోవాల్సిన అవసరం లేకపోతే కండలో ఉన్నది అక్కడే ఉండనివ్వచ్చు. ఆరు నెలలకోసారి స్కానింగ్ చాలు. అది కూడా లోపలి పొరను నెడుతున్నట్టు తేలినా, బిడ్డ కోసం ప్రయత్నిస్తూ ఫలితం లేకపోయినా అప్పుడు లాప్రోస్కోపీలో తీయించుకోవచ్చు. బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టి, పొట్టను గ్యాస్‌తో నింపుతారు. రక్తం పోకుండా గర్భసంచి కండలోకి వాసోప్రెసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత ఆ కండను కోసి గడ్డను పట్టి లాగితే, పనసకాయ నుంచి తొన ఊడినట్టు తన చుట్టూ ఉన్న పొరలోంచి విడివడుతుంది. చూడ్డానికి ఇదే అసలు పనిలా ఉంటుంది గానీ డాక్టరు పనితనం తెలిసేది ఆ తర్వాతే. గడ్డ వదిలిన గుంతను పొరలు పొరలుగా, గట్టిగా కుట్టాలి. ఆ కుట్టు సరిగ్గా లేకపోతే రేపు గర్భం వచ్చినప్పుడు గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈ ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోమంటారు, కాన్పు కూడా చాలావరకు సిజేరియనే చేస్తారు. 38 ఏళ్ల వయసులో ఆ ఆరు నెలలు తక్కువేం కాదు. అవసరం లేకుండా పెద్దదాన్ని ముట్టుకోవద్దని అందుకే అంటున్నాను. రోబోతో చేస్తామని కూడా మీకు చెప్పవచ్చు. డాక్టరుకు కుట్లు వేయడం సులువవుతుంది, మీకు బిల్లు పెరుగుతుంది. తేడా చాలావరకు అంతే.

లాప్రోస్కోపీ దాకా వస్తే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: గడ్డను బయటికి ఎలా తీస్తారు? అంత చిన్న రంధ్రంలోంచి అది రాదు కాబట్టి లోపలే ముక్కలు చేస్తారు. ఫైబ్రాయిడ్ అనుకున్నది ఎక్కడో అరుదుగా సార్కోమా అనే క్యాన్సర్ అయి ఉంటే, ఆ ముక్కలతో పాటు జబ్బు కడుపంతా చల్లినట్టవుతుంది. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముక్కలు చేసే యంత్రం మీద హెచ్చరిక జారీ చేసింది ఇందుకే. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో 350 మందికి ఒకరిలో సార్కోమా దాగి ఉండవచ్చని అప్పట్లో లెక్క వేసింది. తర్వాతి లెక్కల్లో ప్రమాదం అంతకన్నా తక్కువని తేలింది, మీ వయసులో ఇంకా తక్కువ. అయినా గడ్డను ప్రత్యేకమైన సంచిలో పెట్టి, ఆ సంచిలోనే ముక్కలు చేయడం ఇప్పుడు మంచి పద్ధతి. సంచి వాడతారా అని అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు.

మీరు యూట్యూబ్‌లో చూసిన మెషీన్‌కు వస్తాను. దాని పేరు ఫోకస్డ్ అల్ట్రాసౌండ్, హైఫూ అని కూడా అంటారు. ఎమ్మారై చూస్తూ చేసే ఒక రకం యంత్రానికి అమెరికాలో 2004లోనే అనుమతి వచ్చింది. మనిషిని బోర్లా పడుకోబెట్టి, శబ్ద తరంగాలను చర్మం మీదుగా ఒకే బిందువు మీద కేంద్రీకరిస్తారు. అక్కడ 60 డిగ్రీలు దాటిన వేడికి గడ్డలోని కణాలు చచ్చిపోతాయి. నిజంగానే కోత లేదు, కుట్టు లేదు. కానీ వీడియోల్లో చూపించినట్టు గడ్డ అక్కడికక్కడే మాయమైపోదు, నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. మీకు నేనిది ముందుగా సూచించకపోవడానికి రెండు కారణాలు. మీ పొట్ట మీద సిజేరియన్ మచ్చ ఉంది. తరంగాలు దాటే దారిలో మచ్చ ఉంటే అక్కడ వేడి నిలిచి చర్మం కాలవచ్చు. వీలవుతుందో లేదో ఎమ్మారై చూస్తే గానీ చెప్పలేరు. రెండోది, పిల్లలు కావాలనుకునేవాళ్లలో దీని ఫలితాల మీద మనకున్న ఆధారాలు తక్కువ. పైగా మీ రక్తస్రావానికి కారణం ఆ చిన్న గడ్డే అయితే, కోత లేకుండా అరగంటా గంటలో పూర్తిగా బయటికి తీసేసే మార్గం ఉండగా కాల్చి లోపలే వదిలేయడం ఎందుకు? సూదిని గడ్డలోకి గుచ్చి రేడియో తరంగాలతో వేడి చేసే పద్ధతులకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

మీ ఉత్తరంలో లేని పద్ధతి ఒకటుంది. దాన్ని మీకెవరూ చెప్పినట్టు లేరు. నాకు ఆశ్చర్యమేమీ లేదు, ఎందుకంటే అది చేసేది గైనకాలజిస్టు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే తెర మీద చూస్తూ రక్తనాళాల్లోంచి గొట్టం పంపి వైద్యం చేసే డాక్టరు. ఒక విభాగం వాళ్లు ఇంకో విభాగం వాళ్ల వైద్యాన్ని తమంతట తాము చెప్పడం మన దగ్గర తక్కువ. పద్ధతి పేరు యుటెరైన్ ఆర్టరీ ఎంబోలైజేషన్. గజ్జల్లోనో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, గర్భసంచికి రక్తం తెచ్చే రెండు ధమనుల దాకా తీసుకెళ్లి, ఇసుక రేణువుల్లాంటి ప్లాస్టిక్ కణాలను వదులుతారు. రక్తం అందక గడ్డలు ఎండిపోతాయి. ప్యారిస్‌లో జాక్ రవీనా అనే డాక్టరు ఆపరేషన్‌లో రక్తం తక్కువ పోవాలని ముందుగా ఇలా చేసేవారు. కొందరు ఆడవాళ్లకు ఎంబోలైజేషన్‌తోనే బాధ తగ్గిపోయి, ఇక ఆపరేషన్ అవసరమే లేకపోయింది. 1995లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆయన బృందం ఆ ఫలితాలను ప్రచురించాకే ఇది సొంతంగా ఒక వైద్యంగా నిలబడింది.

మత్తు పూర్తిగా ఇవ్వక్కర్లేదు, గర్భసంచి మిగులుతుంది, గడ్డలు ఎన్ని ఉన్నా ఒకేసారి పనవుతుంది. మొదటి రోజు నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది, దానికి బలమైన మందులు ఇస్తూ ఒకటి రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచుతారు. వారం పాటు జ్వరం, నీరసం ఉండొచ్చు. నెదర్లాండ్స్‌లో ఇలా చేయించుకున్నవాళ్లను పదేళ్లు గమనిస్తే దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఆ తర్వాత గర్భసంచి తీయాల్సిన అవసరం రాలేదు. మిగతా వాళ్లకు వచ్చింది, అదీ తెలిసి ఉండాలి. 45 దాటి, పిల్లల ఆలోచన లేక, గడ్డలు చాలా ఉండి, ఆపరేషన్ అంటే భయపడేవాళ్లకు నేను దీని గురించి తప్పకుండా చెబుతాను. మీకిప్పుడు మాత్రం వద్దు. దీని తర్వాత గర్భాలు వచ్చినా అబార్షన్ల భయం ఎక్కువ, కొందరిలో అండాశయాలకు అందే రక్తం కూడా తగ్గుతుంది. బ్రిటన్‌లో 254 మంది మీద జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో కూడా, గర్భసంచి ఉంచుకోవాలనుకునేవాళ్లలో ఎంబోలైజేషన్ కన్నా గడ్డలు తీయించుకున్నవాళ్లే రెండేళ్ల తర్వాత కాస్త మెరుగ్గా ఉన్నట్టు తేలింది. రేపు మీరిద్దరూ "ఇక ఒక్కడు చాలు" అనుకుంటే, పెద్ద గడ్డ ఇబ్బంది పెడుతుంటే, అప్పుడు దీని సంగతి చూడొచ్చు. హైదరాబాద్ లాంటి నగరాల్లో చేసేవాళ్లు ఉన్నారు.

మందులతో తగ్గదా అంటే, రక్తం తగ్గుతుంది, గడ్డ పోదు. నెలనెలా వేసే హార్మోన్ ఇంజెక్షన్లతో గడ్డ చిన్నదవుతుంది, ఆపాక మళ్లీ పెరుగుతుంది. ఎక్కువ నెలలు వాడితే ఎముకలు బలహీనపడతాయి. ఆపరేషన్ ముందు హీమోగ్లోబిన్ పెంచుకోవడానికి రెండు మూడు నెలలు వాడితే బాగా పనికొస్తాయి. గడ్డలు కరిగించే పొడులు, కషాయాల ప్రకటనలను నమ్మి ఉన్న రక్తాన్ని, ఉన్న నెలల్ని పోగొట్టుకోకండి.

అత్తగారి మాటకు వద్దాం. ఫైబ్రాయిడ్ వదిలేస్తే క్యాన్సర్‌గా మారుతుందన్నది నిజం కాదు. సార్కోమా సాధారణంగా విడిగా, దానంతటది పుట్టే జబ్బు. ఆవిడ్ని తప్పు పట్టడానికి కూడా లేదు, తన ఈడు వాళ్లలో ఎంతమందికి ఇదే మాట చెప్పి ఆపరేషన్ చేశారో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8. మన దగ్గరి ఆడవాళ్ల గర్భసంచులకే అన్ని జబ్బులు ఎందుకొస్తాయి? అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకోవడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఎనిమిదేళ్లకే ముట్లుడిగిపోతాయి, ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల అరుగుదల, గుండె జబ్బుల ముప్పు ముందే మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి తొందరగా అలిసిపోతాయి.

అలాగని గర్భసంచి తీయడం ఎప్పుడూ తప్పేనని నేను అనడం లేదు. పిల్లలు చాలనుకుని, గర్భసంచి నిండా గడ్డలతో, ఏ మందుకూ తగ్గని రక్తస్రావంతో విసిగిపోయిన మనిషికి అది పెద్ద ఊరట. పైగా మళ్లీ గడ్డలు రావన్న భరోసా ఇచ్చే వైద్యం అదొక్కటే. గడ్డలు మాత్రమే తీయించుకున్నవాళ్లలో కొందరికి కొత్తవి వస్తాయి, మీకూ రావచ్చు. కానీ రెండో బిడ్డ మాట ఇంకా ఇంట్లో నానుతుండగా, రక్తానికి కారణమైన గడ్డ ఏదో తేలకుండా దాన్ని మొదటి వైద్యంగా చెప్పడం నాకు నచ్చలేదు.

కాబట్టి ఇంకో గైనకాలజిస్టు అభిప్రాయం తీసుకోండి, హిస్టరోస్కోపీ తరచుగా చేసేవాళ్లయితే మేలు. యోని ద్వారా చేసే స్కానింగ్ మళ్లీ చేయించి, రెండు గడ్డలకూ ఫిగో నంబరు రాయమనండి. చిన్నది ఖాళీలోకి ఎంత వచ్చిందో స్పష్టంగా లేకపోతే, గర్భసంచిలోకి కొద్దిగా సెలైన్ ఎక్కించి చేసే స్కానింగ్‌లో తేలిపోతుంది. ఖర్చు ఎమ్మారై కన్నా చాలా తక్కువ. పెద్దదాన్ని తీయాలన్న మాట వస్తే ఎమ్మారై అప్పుడు చూసుకోవచ్చు. రిపోర్టులో "బల్కీ యుటెరస్" అనో, డాక్టరు నోట "పన్నెండు వారాల సైజు" అనో వస్తే కంగారు పడొద్దు, గర్భసంచి పెరిగిందని చెప్పే మాటలే అవి. బిడ్డ విషయం మాత్రం మీరూ, మీ ఆయనా ఈ రెండు నెలల్లో కూర్చుని తేల్చుకోండి. అండాల నిల్వ చెప్పే ఏఎమ్‌హెచ్ పరీక్ష చేయించుకుంటే ఆ మాటలకు ఒక ఆధారం ఉంటుంది. తీసిన గడ్డ ముక్కలు బయాప్సీకి వెళ్లాయో లేదో కనుక్కుని, ఆ రిపోర్టు ఫైల్లో పెట్టుకోండి.

దసరా సెలవుల్లో చేయించుకుంటే స్కూలుకు సెలవు పెట్టక్కర్లేదా అని కూడా అడిగారు. హిస్టరోస్కోపీ అయితే రెండు మూడు రోజుల విశ్రాంతి చాలు. లాప్రోస్కోపీకి రెండు మూడు వారాలు, పొట్ట కోసి చేస్తే ఆరు వారాలు పడుతుంది. అయితే హిస్టరోస్కోపీకి మంచి సమయం నెలసరి ఆగిన వెంటనే వచ్చే రోజులు. అప్పుడు లోపలి పొర పలచగా ఉండి గడ్డ శుభ్రంగా కనిపిస్తుంది. మీ డేట్ దసరాకు కుదరకపోతే మాత్రలతో కాస్త అటూ ఇటూ జరపవచ్చు. నెల ముందే డాక్టరుగారికి చెప్పండి. అప్పటికి హీమోగ్లోబిన్ 10 దాటి ఉండాలి.